నాలుకకు చిక్కని విషం

అర్జెంటీనా వాయవ్య మూలన, సాల్టా రాష్ట్రంలో, శాన్ ఆంటోనియో డె లోస్ కోబ్రెస్ అనే ఊరుంది. సముద్రమట్టానికి సుమారు 3,775 మీటర్ల ఎత్తు. ఆండీస్ పర్వతాల నడుమ చెట్టూచేమా పెద్దగా లేని పీఠభూమి, చుట్టూ అగ్నిపర్వతాలు కక్కిన రాళ్లు. ఆ రాళ్లను ఒరుసుకుంటూ వచ్చే నీళ్లే ఊరికి ఆధారం. ఆ నీళ్లలో లీటరుకు దాదాపు 200 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉండేది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత 10 మైక్రోగ్రాములు. ఇరవై రెట్ల విషం. ఈ మధ్య శుద్ధి ఏర్పాట్లు వచ్చేదాకా ఊరి జనం తాగింది ఆ నీళ్లే. వాళ్ల ముత్తాతలు తాగిందీ అవే. అటు పక్క చిలీ ఉత్తర తీరంలో బయటపడిన వేల ఏళ్ల నాటి మమ్మీల వెంట్రుకల్లో కూడా ఆర్సెనిక్ దొరికింది.

ఆర్సెనిక్ అంటే మన పాషాణమే. నీళ్లలో కలిస్తే చేదుండదు, వగరుండదు, వాసన రాదు. యూరప్‌లో శతాబ్దాల పాటు, ఆస్తి త్వరగా చేతికి రావాలనుకున్న వారసులకు ఇష్టమైన సరుకు అది. 1836లో జేమ్స్ మార్ష్ అనే ఇంగ్లండు రసాయనవేత్త దాన్ని శవంలో పట్టుకునే పరీక్ష కనిపెట్టేదాకా వాళ్లకు దొరికిపోతామన్న భయం పెద్దగా లేదు.

విషం విషయంలో మన శరీరానికి రెండు కాపలాలు ఉన్నాయి. మొదటిది నాలుక: నోట్లో పడ్డదాన్ని చేదని గుర్తుపట్టి ఉమ్మేయిస్తుంది. రెండోది కాలేయం: లోపలికి దిగిపోయినదాన్ని విరిచి, మార్చి, మూత్రంలోకో పైత్యరసంలోకో సాగనంపుతుంది. రెండింటినీ నడిపేవి జన్యువులే. ఆర్సెనిక్ దగ్గర మొదటి కాపలా గుడ్డిది. భారమంతా రెండోదాని మీదే పడింది. ఆండీస్‌లో జరిగిన కథకు అదే మూలం.

1995లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన మారీ వాతెర్ బృందం ఈ ప్రాంతపు ఆడవాళ్ల మూత్రాన్ని పరీక్షించింది. ఆర్సెనిక్ ఎక్కువగా ఉంది, అది ఊహించిందే. వింతగా తోచింది ఆర్సెనిక్ ఉన్న రూపం. కాలేయం ఆర్సెనిక్‌ను రెండు మెట్లలో మారుస్తుంది. మొదటి మెట్టులో దానికి ఒక మిథైల్ సమూహాన్ని తగిలిస్తుంది, రెండో మెట్టులో ఇంకొకటి. రెండూ తగిలాక అది తేలిగ్గా మూత్రంలో కొట్టుకుపోతుంది. చిక్కంతా మధ్య మెట్టుతో. ఒకే మిథైల్ తగిలిన రూపం అసలు ఆర్సెనిక్ కంటే కూడా కణాలకు హానికరం కాగలదు. ప్రపంచంలో మామూలుగా ఎవరి మూత్రం చూసినా, బయటికొచ్చే ఆర్సెనిక్‌లో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఈ మధ్య రూపమే ఉంటుంది. ఆండీస్ ఆడవాళ్లలో అది చాలా తక్కువ. వాళ్ల కాలేయం సగం పని చేసి వదిలేయడం లేదు, రెండో మెట్టు కూడా దాటించేస్తోంది.

కారణం తేలడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. కరీనా ష్లెబుష్, కారిన్ బ్రోబెర్గ్ తదితరులు ఆ ఊళ్లో 124 మంది ఆడవాళ్ల జన్యుపటాన్ని పెరూ, కొలంబియా జనాలతో పోల్చి 2015లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం జన్యురాశిలో తేడా అన్నింటికంటే గట్టిగా కనిపించిన చోటు పదో క్రోమోజోమ్ మీద, ఏఎస్3ఎంటీ అనే జన్యువు చుట్టుపక్కల. మిథైల్ తగిలించే ఎంజైమును తయారుచేసేది ఆ జన్యువే.

ఒక జన్యురూపం ఒక ఊళ్లో ఎక్కువగా ఉన్నంత మాత్రాన ప్రకృతి వరణం జరిగిందనడానికి లేదు. మరి దాన్ని ఎలా పోల్చుకుంటారు? తరతరానికీ క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటూ ఉంటాయి. కాలం గడిచేకొద్దీ ఒక జన్యువుకూ దాని ఇరుగుపొరుగుకూ ఉన్న బంధం తెగిపోతుంది. కానీ మేలు చేసే మార్పు ఒకటి వచ్చి కొద్ది తరాల్లోనే జనమంతా వ్యాపిస్తే, బంధం తెగేంత వ్యవధి ఉండదు. పెళ్లికి ఒకరిని పిలిస్తే ఇంటిల్లిపాదీ బయల్దేరినట్టు, ఆ జన్యువుతో పాటు దాని చుట్టూ ఉన్న పొడవాటి ముక్క మొత్తం కదిలి వస్తుంది. అంతమందిలో అంత పొడవు ముక్క ఒకేలా కనబడితే, దాన్ని ఏదో వేగంగా పైకి తెచ్చిందని అర్థం. శాన్ ఆంటోనియోలో కనిపించింది అలాంటి ముక్కే. ఆ తర్వాత చిలీలోని కామరోనెస్ లోయలోనూ ఇదే రకం ఫలితం వచ్చింది. అక్కడ నీళ్లలో ఆర్సెనిక్ లీటరుకు 1000 మైక్రోగ్రాములు కూడా దాటుతుంది. చిలీ దక్షిణాదిన నీళ్లు మంచివి, అక్కడివాళ్లలో ఈ రక్షణ రూపాలు అరుదు.

ఇక్కడ ఒక సంగతి పట్టించుకోవాలి. ఆర్సెనిక్ వల్ల చర్మ కాన్సర్, మూత్రాశయ కాన్సర్ వస్తాయని మనం పత్రికల్లో చదువుతుంటాం. అవి ఎక్కువగా నడివయసు దాటాక వచ్చేవి. అప్పటికి పిల్లలు పుట్టి పెద్దవాళ్లయిపోతారు, ప్రకృతి వరణానికి ఆ చావులతో పెద్ద పని లేదు. అది లెక్కపెట్టేది ఎంతమంది పిల్లలు పుట్టి, పెరిగి, మళ్లీ కన్నారన్నదే. ఆర్సెనిక్ గర్భంలోని పిండాన్నీ పసిపిల్లల్నీ కూడా దెబ్బతీస్తుంది. ఆండీస్‌లో వరణం నడిచింది ఆ దారినే అయివుండాలి. మరోలా చెప్పాలంటే, ఈనాడు ఆ ఊరివాళ్ల దగ్గరున్న రక్షణకు వెల చెల్లించింది అప్పట్లో పోయిన పసిపిల్లలు. పరిణామం గురించి రాసేటప్పుడు "మానవుడు అలవాటు పడ్డాడు" అని తేలిగ్గా రాసేస్తుంటారు. అలవాటు పడడం వేరు, అలవాటు కాని వాళ్లు చచ్చిపోవడం వేరు.

మన పాఠకుడికి వెంటనే నల్లగొండ గుర్తొస్తుంది. అక్కడి ఫ్లోరైడ్ కూడా నాలుకకు చిక్కదు. తెలుగునేల మీద ఫ్లోరోసిస్ సంగతి 1937లోనే, అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా నుంచి వైద్యపత్రికలకెక్కింది. మరి అక్కడ ఆండీస్ కథ ఎందుకు జరగలేదు? ఒకటి, ఫ్లోరైడ్‌ను విరిచి ఇంకోటిగా మార్చే ఎంజైము మన ఒంట్లో లేదు. మూత్రపిండాలు పంపగలిగినంత పంపుతాయి, మిగిలింది ఎముకల్లో చేరుతుంది. వరణం పని చేయాలంటే ముందు మార్చడానికి ఒక పనిముట్టు ఉండాలి. రెండు, కాలం. లోతైన బోర్ల నీళ్లు తాగడం మొదలై కొద్ది తరాలే అయింది. బెంగాల్, బంగ్లాదేశ్‌లలో 1970ల నుంచి తవ్విన గొట్టపుబావుల ఆర్సెనిక్‌కూ ఇదే మాట వర్తిస్తుంది. మూడు, ఫ్లోరోసిస్ మనిషిని వంచేస్తుంది, నడుము విరిచేస్తుంది, కానీ పిల్లలు పుట్టకుండా ఆపడం అరుదు. అంత బాధ కూడా ప్రకృతి వరణం పుస్తకంలో పద్దుకు రాదు.

ఇప్పుడు మొదటి కాపలా దగ్గరికి, నాలుక దగ్గరికి వద్దాం.

తీపిని గుర్తించడానికి మనకు ప్రధానంగా ఉన్నది ఒక్క గ్రాహకం. చేదుకు పాతిక. ఈ చేదు గ్రాహకాల కుటుంబం 2000 సంవత్సరంలో బయటపడింది. తీపి చెప్పేది ఒకటే కబురు: బలముంది, తిను. విషాలు వేలరకాలు. మొక్కలు పరుగెత్తలేవు కాబట్టి ఆకుల్లో, గింజల్లో, బెరళ్లలో రసాయనాలు దాచుకుంటాయి. వాటిలో ఏది ఎదురైనా పట్టుకోవాలంటే ఒక గ్రాహకం చాలదు. అందుకే పాతిక ఉన్నాయి, వాటిలో కొన్ని ఒక్కొక్కటీ పదుల కొద్దీ పదార్థాలను పసిగడతాయి. కోడికి మాత్రం మూడే. గింజలను నమలకుండా మింగేసే జీవికి అంతకంటే ఎందుకు?

ఈ కుటుంబంలో ఎక్కువ పేరు మోసింది టీఏఎస్2ఆర్38. దాని కథ 1931లో, అమెరికాలోని విల్మింగ్టన్‌లో, డ్యూపాంట్ ప్రయోగశాలలో మొదలైంది. ఆర్థర్ ఫాక్స్ అనే రసాయనవేత్త పీటీసీ అనే పొడిని సీసాలోకి పోస్తుంటే కొంత గాల్లోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి నోరు చేదయిపోయిందని గోలపెట్టాడు. ఫాక్స్‌కు ఏమీ తెలియలేదు. నీ నోరే తేడా అంటే నీ నోరే తేడా అనుకుని, ఇద్దరూ దొరికినవాళ్లందరికీ రుచి చూపించారు. కొందరికి కటిక చేదు, కొందరికి సున్న. ఇది వంశపారంపర్యంగా వస్తోందని త్వరలోనే తేలింది. డీఎన్‌ఏ పరీక్షలు లేని రోజుల్లో బిడ్డ తండ్రి ఎవరన్న తగవుల్లో కూడా ఈ రుచి పరీక్షను వాడారు. మన దేశంలో మానవశాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు పీటీసీ ద్రావణం సీసాలు పట్టుకుని ఊరూరా, గూడెం గూడెం తిరిగారు. రక్తం తీయనక్కర్లేదు, పెద్ద సరంజామా అక్కర్లేదు. అంత చవకైన జన్యుపరీక్ష ఇంకోటి లేదు.

1939లో ఎడిన్‌బరోలో జన్యుశాస్త్రవేత్తల అంతర్జాతీయ మహాసభ జరిగింది. రొనాల్డ్ ఫిషర్, ఇ.బి. ఫోర్డ్, జూలియన్ హక్స్‌లీ, ముగ్గురూ ఉద్దండులే, పీటీసీ ద్రావణం పట్టుకుని జంతుప్రదర్శనశాలకు వెళ్లారు. చింపాంజీలకు తాగించారు. కొన్ని ఉమ్మేశాయి, కొన్ని నిశ్చింతగా మింగేశాయి. అంటే చేదు తెలిసేవీ తెలియనివీ వాటిలోనూ ఉన్నాయి. ఫిషర్ లెక్క ఇలా సాగింది: మనుషుల్లోనూ చింపాంజీల్లోనూ రెండు రకాలూ ఉన్నాయంటే, ఈ రెండు జన్యురూపాలూ మన ఉమ్మడి పూర్వీకుల నుంచి లక్షల ఏళ్లుగా పక్కపక్కనే బతుకుతున్నాయి. ఏదో ఒకటి ఊరికే తుడిచిపెట్టుకుపోవాలి కదా? పోలేదంటే, రెండూ ఉన్నవాళ్లకే ఏదో లాభం ఉంది.

అందమైన వాదన. 2003లో ఉన్‌క్యుంగ్ కిమ్, డెనిస్ డ్రేనా బృందం ఏడో క్రోమోజోమ్ మీద అసలు జన్యువును పట్టుకుంది. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌లో 49, 262, 296 స్థానాల్లో మూడు అమైనో ఆమ్లాలు మారితే చాలు, చేదు తెలిసే నాలుక తెలియని నాలుక అవుతుంది. 2006లో స్టీఫెన్ వుడింగ్ తదితరులు చింపాంజీల జన్యువును విప్పి చూశారు. వాటిలో చేదు పోయింది వేరే కారణంతో: జన్యువును చదవడం మొదలుపెట్టే అక్షరమే చెడిపోయింది. మనకూ వాటికీ విడివిడిగా, రెండు సార్లు, రెండు దారుల్లో పోయిందన్నమాట. ఫిషర్ చూసిన చూపు సరైనదే, కట్టిన కథ తప్పు.

కథ తప్పయినా ప్రశ్న మిగిలింది. మనుషుల్లో ఈ రెండు రూపాలూ చాలా పాతవి. స్పెయిన్‌లోని ఎల్ సిద్రోన్ గుహలో దొరికిన నియాండర్తాల్ ఎముకలో, 49వ స్థానంలో, రెండు రూపాలూ కనిపించాయని 2009లో ప్రకటించారు. ఆవ, క్యాబేజీ, ముల్లంగి కుటుంబపు మొక్కల్లో పీటీసీని పోలిన రసాయన నిర్మాణమున్న పదార్థాలు ఉంటాయి. అవి ఎక్కువైతే థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ అందకుండా అడ్డుపడి గొంతువాపు తెస్తాయి. కాబట్టి అయోడిన్ తక్కువున్న నేలల్లో ఆ చేదు తెలియడం మేలే. మరి తెలియని రూపం ఎందుకు బతికింది? అది ఇంకేదో విషాన్ని పసిగడుతుందేమోనని ఒక ఊహ. ఈ ఊహకు తోడుగా 1977లో ఒక విచిత్రం బయటికొచ్చింది. ఆంటిడెస్మా బ్యూనియస్ అనే ఆసియా చెట్టు పండ్లు, పీటీసీ చేదు తెలిసేవాళ్లకు తియ్యగా ఉన్నాయి, తెలియనివాళ్లకు చేదుగా ఉన్నాయి.

2004లో ఈ జన్యువు మీద వరణం రెండు రూపాలనూ కావాలనే నిలిపి ఉంచిందని గణాంకాలతో వాదించారు. తర్వాత ఇంకా ఎక్కువ జనాల నమూనాలతో చేసిన విశ్లేషణల్లో ఆ సంకేతం అంత గట్టిగా నిలబడలేదు. మనుషులు ఆఫ్రికా నుంచి చిన్న గుంపులుగా బయటికి పోయిన చరిత్ర ఒక్కటే ఈ లెక్కల్లో చాలావరకు తేల్చేయగలదని ఆ విశ్లేషకులు చూపించారు. నాకు ఈ రెండోవాళ్ల మాటే సబబనిపిస్తుంది. రుచి జన్యువుల మీద కథ అల్లడం మరీ సులువు: ప్రతి చేదు వెనకా ఒక విషం దొరుకుతుంది, ప్రతి విషం వెనకా ఒక చావు ఊహించవచ్చు.

అయితే నాలుకతోనే ఆలోచించడం కూడా తొందరపాటే. 2012లో రాబర్ట్ లీ, నోమ్ కోహెన్ బృందం ఇదే టీఏఎస్2ఆర్38 ముక్కు లోపలి పొర కణాల్లోనూ ఉందని చూపింది. అక్కడ అది సూడోమోనాస్ అనే బాక్టీరియా తమలో తాము కబుర్లు పంపుకోవడానికి విడిచే అణువులను పసిగడుతుంది. పసిగట్టగానే కణం నైట్రిక్ ఆక్సైడ్ వదిలి ఆ క్రిములను చంపుతుంది, మీద ఉండే సన్నని శైలికలు వేగంగా ఊగి చీమిడిని బయటికి తోస్తాయి. మరైతే వరణం నిజంగా చూసింది కూరల చేదునా, ముక్కులో పట్టిన రోగాన్నా? ఒకే జన్యువు రెండు చోట్ల కొలువు చేస్తుంటే, జీతం ఏ పనికి ఇచ్చారో చెప్పడం కష్టం.

చేదు జన్యువుల్లో వరణం ముద్ర స్పష్టంగా కనిపించేది ఇంకొకటి, టీఏఎస్2ఆర్16. సయనైడ్‌ను చక్కెర అణువుకు కట్టి దాచుకునే మొక్కలున్నాయి. కర్రపెండలం ఒకటి, చేదు బాదం ఇంకొకటి. ఆ కట్టును పసిగట్టే గ్రాహకం ఇదే. 2005లో నికోల్ సొరాంజో తదితరులు ప్రపంచంలోని 60 జనసమూహాలను పరిశీలించారు. 172వ స్థానంలో ఒక మార్పు వల్ల గ్రాహకం చురుకైంది. ఆ చురుకైన రూపం ఆఫ్రికా బయట దాదాపు అందరిలోనూ నిండిపోయింది. మందమైన పాత రూపం మిగిలింది ఆఫ్రికాలోనే, అదీ మలేరియా ఎక్కువగా ఉన్న చోట్ల. కొద్దికొద్దిగా సయనైడ్ ఒంట్లోకి పోతుంటే మలేరియా క్రిమికి ఇబ్బందేమోనని ఆ పరిశోధకులు ఒక ఊహ చేశారు. ఊహగానే ఉంచుకోదగ్గది.

మొత్తం మీద చూస్తే మాత్రం, మనిషి చేదు జన్యువుల మీద వరణం పట్టు సడలింది. పాతిక పనిచేస్తున్నాయంటే, మరో పదకొండు దాకా చెడిపోయి శిథిలాల్లా మిగిలాయి. 2004లో ఈ సంగతి తేల్చినవాళ్లు చెప్పిన కారణాల్లో నిప్పు ఒకటి. వండడం, నానబెట్టడం, పులియబెట్టడం, వార్చడం తెలిసిన జీవికి చేదంతా విషం కానక్కర్లేదు. గోదావరి ఏజెన్సీలో కొండరెడ్లు, కోయలు మామిడి టెంకలో జీడిని ఎండబెట్టి, దంచి, నీళ్లలో నానబెట్టి వగరు పోగొట్టి అంబలి కాచుకుంటారు. చేదు దుంపలను పలచగా తరిగి రాత్రంతా వాగునీటిలో ఉంచుతారు. సరిగ్గా చేయకపోతే ప్రాణం మీదికి వస్తుందని వాళ్లకు తెలుసు. కాలేయం లోపల చేయాల్సిన పనిలో సగం వాగు చేసిపెడుతోంది. అమెజాన్ అడవుల్లో కర్రపెండలాన్ని తురిమి, పిండి, ఆరబెట్టేదీ ఇందుకే. ఆ దుంప మన సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల్లో సగ్గుబియ్యమై బయటికొచ్చేసరికి సయనైడ్ కడుగులో ఎప్పుడో పోయివుంటుంది.

పులియబెట్టడం అనగానే సారా. దీనికి రుచితో కంటే కాలేయంతోనే పేచీ ఎక్కువ. నేలరాలిన పండ్లు వాటంతట అవే పులుస్తాయి, మన పూర్వీకులు ఆ పండ్లు తిన్నారు. 2015లో మాథ్యూ కారిగన్ తదితరులు ఆ పాత ఎంజైమును ప్రయోగశాలలో మళ్లీ తయారుచేసి చూశారు. సుమారు కోటి ఏళ్ల కిందట, మనిషి, చింపాంజీ, గొరిల్లాల ఉమ్మడి పూర్వీకుల్లో, ఏడీహెచ్4 అనే ఎంజైములో ఒక్క అమైనో ఆమ్లం మారింది. ఆ మార్పుతో ఆల్కహాల్‌ను విరిచే శక్తి 40 రెట్లు పెరిగింది. చెట్ల మీంచి నేల మీదికి దిగడం మొదలైన కాలం అది. తాగుడుకు ఇంత పాత చరిత్ర ఉందని ఏ కల్లుపాకలోనైనా చెబితే సంతోషించేవాళ్లు చాలామందే ఉంటారు.

తూర్పు ఆసియాలో కథ ఎదురు తిరిగింది. ఆల్కహాల్ మొదట అసిటాల్డిహైడ్‌గా మారుతుంది. అది అసలుకంటే చెడ్డది. తర్వాత ఏఎల్‌డీహెచ్2 అనే ఎంజైము దాన్ని నిరపాయంగా మారుస్తుంది. చైనా, జపాన్, కొరియా జనాల్లో మూడో వంతుకు పైగా ఈ రెండో ఎంజైము సరిగ్గా పనిచేయని రూపాన్ని మోస్తున్నారు. ప్రపంచంలో అలాంటివాళ్లు 54 కోట్ల మంది దాకా ఉంటారని 2009లో ఒక అంచనా వేశారు. ఒక గ్లాసు తాగితే ముఖం కందగడ్డవుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతి వస్తుంది. 1940లలో కోపెన్‌హాగెన్‌లో కనిపెట్టిన డైసల్ఫిరామ్ బిళ్ల, తాగుబోతులకు మాన్పించడానికిచ్చేది, సరిగ్గా ఇదే ఎంజైమును మూసేసి పనిచేస్తుంది. వాళ్లు ఆ బిళ్లతోనే పుట్టారన్నమాట. మన దేశంలో, ఈశాన్యం సంగతి పక్కనపెడితే, ఈ రూపం చాలా అరుదు.

ఇంకా విచిత్రం, మొదటి మెట్టును వేగవంతం చేసే ఏడీహెచ్1బీ రూపం కూడా అక్కడే విస్తరించింది. రెండూ కలిస్తే విషం వేగంగా పుట్టి మెల్లగా పోతుంది. ఈ వేగవంతమైన రూపం వ్యాపించిన కాలం, ప్రాంతం, వరి సాగు వ్యాపించిన కాలం, ప్రాంతాలతో సరిపోతున్నాయని 2010లో చైనా పరిశోధకులు చూపారు. వరి పండించినవాళ్లు వరితోనే సారా కాచారు, తాగలేనివాళ్లు బాగుపడ్డారు అని వివరణ. కావచ్చు. ఐతే తాగుడు వల్ల పిల్లల సంఖ్య తగ్గిపోవడం అంత పెద్ద ఒత్తిడా అన్న సందేహం నాకుంది. అసిటాల్డిహైడ్ ఒంట్లో నిలిస్తే ఏవైనా పరాన్నజీవులకు చేటు అయ్యేదేమో అని కొందరంటున్నారు. ఇంకా తేలాల్సిన వ్యాజ్యం ఇది. తేలినది ఒకటుంది: సరిగ్గా పనిచేయని ఏఎల్‌డీహెచ్2 రూపం మోస్తూ పట్టుబట్టి తాగేవాళ్లకు అన్నవాహిక కాన్సర్ ముప్పు చాలా ఎక్కువ.

కాలేయపు జన్యువుల గురించి మనకు తెలిసినదాంట్లో చాలాభాగం మందుబిళ్లల పుణ్యమే. 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది, క్షయరోగుల బతుకు మార్చింది. దాన్ని విరిచేది ఎన్‌ఏటీ2 అనే ఎంజైము. జనం రెండు గుంపులుగా ఉన్నారు: మందును గబగబా విరిచేవాళ్లు, మెల్లగా విరిచేవాళ్లు. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం వెలిసింది. ఆసుపత్రిలో పడుకోబెట్టకుండా ఇంటి దగ్గరే క్షయను నయం చేయవచ్చని ప్రపంచానికి చూపించింది ఆ కేంద్రమే. అక్కడివాళ్లు గమనించిన ఇంకో సంగతి ఉంది. ఐసోనియాజిడ్ మోతాదు పెరిగితే అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు వచ్చేది ముఖ్యంగా మెల్లగా విరిచేవాళ్లలో. వాళ్ల రక్తంలో మందు ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి నరాలు దెబ్బతింటాయి. దానికి విరుగుడు బి6 విటమిన్. ఈనాటికీ క్షయ మందులతో పాటు ఆ చిన్న బిళ్ల ఇచ్చేది అందుకే. గబగబా విరిచేవాళ్లకు ఉల్టా ఇబ్బంది: వారానికి ఒకసారే మందిచ్చే పద్ధతిలో వాళ్లకు చికిత్స సరిగ్గా అందలేదు.

మన దేశంలో మెల్లగా విరిచేవాళ్లే సగం కంటే ఎక్కువ. జపాన్‌లో పదిమందిలో ఒకరు. ప్రపంచం మొత్తం మీద చూస్తే, వేటాడి, ఏరుకుని బతికిన జనాలకంటే పంటలు పండించి, పశువులు కాచిన జనాల్లో మెల్లగా విరిచే రూపాలు దాదాపు రెట్టింపు. సేద్యం మొదలయ్యాక ఆకుకూరల్లోంచి వచ్చే ఫోలేట్ తగ్గింది, దాన్ని ఖర్చు చేసే ఎంజైము మెల్లబడడం మేలైంది అని ఒక వాదన ఉంది. మెల్లబడడమంటే చెడిపోవడమే. ఆండీస్‌లో వరణం ఒక ఎంజైమును పదును పెట్టింది. ఇక్కడ ఒకదాన్ని మొద్దుబారనిచ్చింది, బహుశా మొద్దుబార్చింది. కొత్త కాలపు పనుల్లో దానికి వెల కట్టాల్సి వచ్చింది: రంగుల కర్మాగారాల్లో పనిచేసిన వాళ్లలో మూత్రాశయ కాన్సర్ వచ్చినవాళ్లను పరిశీలిస్తే, మెల్లగా విరిచే జన్యువులవాళ్లే ఎక్కువగా తేలారు.

ఇంతకీ, విషాన్ని విరిచే జన్యువు ఒకటి ఒక సమాజంలో అసాధారణంగా కనిపిస్తే, దాని వెనక ఎప్పుడూ వరణమే ఉంటుందా? లేదనడానికి నిదర్శనం వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు, మన వైశ్య సమాజంలోనే ఉంది.

రక్తంలో బ్యూటిరైల్ కోలినెస్టరేస్ అనే ఎంజైము తిరుగుతుంటుంది. తయారయ్యేది కాలేయంలోనే. దాని అసలు పని ఏమిటో ఇంకా వాదనలున్నాయి గానీ, కొన్ని విషాలను, కొన్ని మందులను అది విరిచేస్తుంది. ఆపరేషన్ ముందు గొంతులోకి గొట్టం వేయడానికి కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. మామూలుగా ఈ ఎంజైము దాన్ని కొద్ది నిమిషాల్లో ఊడ్చేస్తుంది. ఎంజైము లేనివాళ్లకు ఆ సడలింపు గంటల తరబడి ఉండిపోతుంది. ఊపిరి కండరాలు కూడా కదలవు. వెంటిలేటర్ మీద ఉంచి, మందు దానంతట అది దిగేదాకా కనిపెట్టుకుని కూర్చోవాలి. 1950లలోనే టొరంటోలో వెర్నర్ కాలో ఇది జన్యువుల వల్ల వచ్చేదని చూపించాడు. ఈ లోపం వైశ్యుల్లో మామూలుకంటే సుమారు వంద రెట్లు ఎక్కువ.

వైశ్యుల పూర్వీకులు ఏ ప్రత్యేకమైన విషాన్నీ ఎదుర్కోలేదు. ఎదుర్కొన్నా, ఎంజైము పోవడం వల్ల లాభమేమిటో చెప్పడం కష్టం. సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2009లో, ఆ తర్వాత 2017లో ప్రకటించిన పరిశోధనలు దీనికి సమాధానం ఇచ్చాయి. భారతదేశంలో చాలా సమాజాలు ఎప్పుడో కొద్దిమందితో మొదలై, వేల ఏళ్లుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయి. ఆ మొదటి కొద్దిమందిలో ఎవరో ఒకరి దగ్గర ఉన్న మార్పు, మేలూ కీడూ లేకుండానే, సంతానంతో పాటు పెరిగిపోయింది. ఇప్పుడు వైశ్యుల సంఖ్య లక్షల్లో ఉంది, ఆ మార్పు మోసేవాళ్ల సంఖ్యా దానికి తగ్గట్టే ఉంది. సక్సినైల్‌కోలిన్ అనే మందు పుట్టేదాకా దాన్ని ఎవరూ గమనించనే లేదు, గమనించాల్సిన అవసరమూ రాలేదు.

తెలుగు రాష్ట్రాల్లో అనుభవమున్న మత్తు డాక్టర్లకు ఈ సంగతి తెలుసు. తెలియనివాళ్లు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండవచ్చు, మన వైశ్య కుటుంబాలు అక్కడా ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత మెలకువ, ఊపిరి రావడం బాగా ఆలస్యమైన సందర్భం ఉంటే, ఆ మాట మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. ఎంజైము ఎంత ఉందో చెప్పే రక్తపరీక్ష ఉంది. రోక్యురోనియం లాంటి, వేరే దారిలో ఒంట్లోంచి పోయే మందులూ ఉన్నాయి.